నలభై గాలన్ల వేడినీళ్ళు

నలభై గాలన్ల ట్యాంకులో వేడినీళ్ళు పద్దెనిమిది నిమిషాలు వస్తాయి. పంతొమ్మిదో నిమిషంలో గోరువెచ్చన, ఇరవయ్యో నిమిషంలో చల్లన. ఈ లెక్క ఎర్లిందా మయెస్తాస్‌కు ఎవరూ నేర్పలేదు. తొట్టెలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, వీపు మీద నీళ్ళు పడుతుండగా పద్నాలుగు నెలలుగా ఆమె ఒళ్ళే నేర్చుకుంది.

వేడి ఉన్నంతసేపూ కడుపు ఊరుకుంటుంది. చల్లబడగానే లోపల ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి, ఉన్నదీ లేనిదీ నోట్లోకి తెస్తుంది. అప్పుడు తువ్వాలు చుట్టుకుని నేలమీద బకెట్టు పక్కన కూర్చోవాలి. ట్యాంకు మళ్ళీ కాగేదాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలే ఆమె నరకం.

భర్త ఎలోయ్ తలుపు తట్టాడు. రైలు పట్టాలు చేసే ఉక్కు మిల్లులో పని అతనిది. అర్ధరాత్రి షిఫ్టు దిగి వచ్చి నాలుగు గంటలు పడుకుని లేచాడు.

"బతికున్నావా, చేపవైపోయావా?"

"ఇంకొక్క నిమిషం."

"నీ నిమిషమా, జనం నిమిషమా?"

నీళ్ళు అప్పటికే మడమల దగ్గర చల్లబడుతున్నాయి.

"ఇవాళ మనిషొస్తున్నాడు, కొత్త ట్యాంకు పెట్టడానికి," అన్నాడు ఎలోయ్ తలుపు అవతలినుంచే. "డెబ్బై అయిదు గాలన్లది. మంగళవారం ఆపరేషన్ అయ్యేదాకానైనా నువ్వు ఈ చలిలో వణక్కూడదు."

అతను మాటల్లో ప్రేమ చూపే మనిషి కాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు పంటినొప్పి వస్తే రాత్రంతా గరాజులో కూర్చుని ఆమె కారుకు బ్రేకులు మార్చాడు. ఇదీ అలాంటిదే.

మంగళవారం పొద్దున ఏడింటికి ఆమె పిత్తాశయం తీసేస్తారు. గొంతులోంచి గొట్టం వేసి చూశారు, కడుపు ఫొటోలు తీశారు, గుడ్డు తినిపించి అది ఎంతసేపటికి కిందికి దిగుతుందో కొలిచారు. ఎక్కడా ఏమీ లేదు. చివరికి పిత్తాశయం కాస్త బద్ధకంగా ఉందన్నారు, తీసేస్తే తగ్గొచ్చన్నారు. తగ్గొచ్చు అన్న మాటనే ఆమె తగ్గుతుంది అని విన్నది. ముప్ఫై ఎనిమిది పౌన్లు తగ్గిపోయిన మనిషి మాటను ఎలా వినాలనుకుంటే అలాగే వింటుంది.

ఈ పద్నాలుగు నెలల్లో పోయినవి చాలానే ఉన్నాయి. బడి వంటశాలలో పదకొండేళ్ళు చేసిన పని పోయింది, బీన్స్ ఉడికే వాసనకే తల తిరిగేది. కానీ ఆమె మనసులో ముల్లులా గుచ్చుకున్నది వేరొకటి. ఎనిమిది నెలలుగా ఆమె గుడిలో ఫాదర్ చేతి సత్ప్రసాదం తీసుకోలేదు. తీసుకుని, ఆ రొట్టె నోట్లోనే ఉండగా గుడి మెట్ల మీద కక్కేస్తే? ప్రభువు శరీరాన్ని కాలిబాట మీద కక్కిన మనిషిగా మిగిలిపోతే? అందుకే వెళ్ళగలిగిన ఆదివారాల్లో తలుపు పక్క బల్ల మీద, చివర్న కూర్చునేది. వరసలో నిలబడి, గురువు ముందుకు రాగానే రెండు చేతులూ గుండెమీద అడ్డంగా పెట్టుకునేది. ప్రసాదం వద్దు, దీవెన చాలు అని దాని అర్థం. పిల్లలూ, ఇంకా మతంలో చేరనివాళ్ళూ, తెగని పాపం ఉన్నవాళ్ళూ అలా చేస్తారు. ఆమెది ఏ పాపమో ఊళ్ళో ఎవరి ఊహ వాళ్ళది.

*

నీళ్ళ పైపుల పనివాడు విహీల్ మధ్యాహ్నం వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఒకే గుడివాళ్ళు, ముఖపరిచయం ఉంది. పాత ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగాడు. అడుగున కుళాయి తిప్పి నీళ్ళు గ్లాసులోకి పట్టి వెలుగులోకెత్తి చూశాడు.

"దీనికి ఏ రోగమూ లేదే. ఇంకా నాలుగేళ్ళు లాగుతుంది. మీరు ఎంతమంది ఇంట్లో?"

"ఇద్దరం. అమ్మాయి డెన్వర్‌లో," అన్నాడు ఎలోయ్.

"ఇద్దరికి డెబ్బై అయిదు గాలన్లా? హోటల్ పెడుతున్నారా?"

"మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు. వేడినీళ్ళు కావాలి."

విహీల్ వేడినీటి కవాటం చూడాలంటూ స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఎర్లిందా మంచం మీంచే చూస్తోంది. ఆయన కవాటం చూడలేదు. తొట్టెలో స్టూలు చూశాడు, దాని మీద తడిసి ఉబ్బిన కుషను చూశాడు, బకెట్టు చూశాడు, కుళాయికి వేలాడుతున్న జపమాల చూశాడు. కిటికీ గట్టు మీద ఉన్న, ఆవిరి పీల్చే నల్లటి పెన్ను దగ్గర ఆగాడు.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రోజుకు ఎన్నిసార్లు స్నానం అమ్మాయీ?"

"ఎనిమిది. కొన్నాళ్ళు పది."

"పొద్దున లేవగానే వాంతి. వేడినీళ్ళు పడితే ఆగుతుంది. నీళ్ళు ఆగితే మళ్ళీ వాంతి. అంతేనా?"

ఆమె లేచి కూర్చుంది.

"ఈ వేసవి నుంచీ ఇది నాలుగో ఇల్లు నాకు," అన్నాడు విహీల్. "ట్యాంకు బాగుంటుంది, నీళ్ళు చాలవంటారు. లోపలికెళ్తే ఒక స్టూలు, ఒక బకెట్టు, ఆ పెన్ను. మొదటి ఇల్లు మాదే. మా కొడుకు రెండేళ్ళు పడ్డాడు. అది గంజాయి వల్లేనమ్మా. మానెయ్యి."

"అది నాకు వాంతులు ఆపే మందు," అంది ఎర్లిందా. "అది లేకపోతే నేనీపాటికి చచ్చిపోయేదాన్ని."

"మావాడూ అదే మాట అన్నాడు. ఇలాగే మంచం మీద కూర్చుని."

"ఇన్నాళ్ళు ఇంతమంది డాక్టర్లకి తెలీనిది మీకు తెలిసిందా?"

"డాక్టర్లకి నువ్వు చెప్పావా?"

"వాళ్ళు అడగలేదు."

"వాణ్ణీ అడగలేదు."

ఎలోయ్‌కు కోపం వచ్చింది. "పెద్దాయనా, మీరు పైపులు చూడండి. రోగం చూసేవాళ్ళు వేరే ఉన్నారు."

"పైపులే చూస్తున్నాను నాయనా. ఏ ఇంట్లో ఏం దిగుతోందో పైపులకే ముందు తెలుస్తుంది." టోపీ పెట్టుకున్నాడు. "పెట్టమంటే పెడతాను, నా పని అది. కానీ పెద్ద ట్యాంకు పెడితే ఎక్కువసేపు లోపల ఉంటావు, అంతే."

పెట్టాడు. పాతదాన్ని తోపుడు బండి మీద ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

*

ఎర్లిందాకు మత్తుమందు అంటే ఒక ముఖం. అది ఆమె తమ్ముడు రమీరో ముఖం. ఇరవై ఆరేళ్ళ వయసులో పెట్రోలు బంకు వెనక కారులో, చేతికి సూది గుచ్చుకునే ఉండగా దొరికాడు. అమ్మ తరఫున శవాన్ని గుర్తుపట్టింది తనే. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ సారా కూడా ముట్టలేదు.

గంజాయి అలాంటిది కాదు. చట్టం వచ్చింది, ఊళ్ళో ఓట్లు వేశారు, దుకాణాలు తెరిచారు, దాని పన్నుతో పిల్లలకు కాలేజీ ఫీజులు కడుతున్నారు. బడిలో పెద్ద గిన్నెలెత్తి భుజం పట్టేసి నిద్ర లేకుండా పోయినప్పుడు ఆమెకు దానితో చేసిన మొదటి జెల్లీ బిళ్ళ ఇచ్చింది కోరీన్, తన కూతురికి జ్ఞానతల్లి. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర బిడ్డను చేతుల్లో పట్టుకున్న మనిషి. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రె అనే పిలుచుకుంటారు, అక్కాచెల్లెళ్ళకన్నా ఒక మెట్టు పైన. కోరీన్ ఆ దుకాణంలోనే పని చేస్తుంది. బిళ్ళకు డబ్బా, డబ్బాకు ముద్ర, ముద్రకింద ఎంత బలమో అంకె. రసీదు కూడా ఇస్తారు. విషానికి రసీదు ఇస్తారా?

అయినా ఎర్లిందా ఊరుకోలేదు. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువును అడిగింది. చట్టాన్ని మీరుతున్నావా అన్నాడాయన. లేదు ఫాదర్. మత్తుకోసమా? కాదు ఫాదర్, నిద్రకోసం. అయితే మితంగా వాడు తల్లీ అన్నాడు. చట్టం సరే అంది, గుడి సరే అంది, ఇక ఆసుపత్రి కాగితం మిగిలింది. అందులో "చట్టవిరుద్ధమైన మత్తుమందులు వాడతారా?" అని ఉంటుంది. చట్టం మారకముందు అచ్చువేసిన కాగితం. పద్నాలుగు నెలల్లో ఏడుసార్లు ఆమె "లేదు" అన్న గడిలో గుర్తు పెట్టింది. ఏడుసార్లూ నిజమే రాసింది. మందులు అన్నచోట రక్తపోటు బిళ్ళ రాసింది, విటమిను రాసింది. టీ తాగుతానని ఎవరైనా రాస్తారా?

బిళ్ళతో మొదలై రెండేళ్ళకు పెన్నుకొచ్చింది. తర్వాత పొద్దున్నే వికారం మొదలైంది. "క్యాన్సర్ వాళ్ళకి వాంతులకి దీన్నే ఇస్తారు కొమాద్రె, కాస్త పెంచు," అంది కోరీన్. పెంచింది. నిజంగానే ప్రతిసారీ ఇరవై నిమిషాలు కడుపు నెమ్మదించేది. కళ్ళముందు పనిచేస్తున్న మందును ఎవరు అనుమానిస్తారు?

*

ఆ సాయంత్రం ఆమె కొత్త నీళ్ళకింద కూర్చుంది.

పద్దెనిమిదో నిమిషం వచ్చింది, పోయింది. ఒళ్ళు అలవాటుగా బిగుసుకుంది, చల్లదనం రాలేదు. ముప్ఫయ్యో నిమిషం కూడా అలాగే పోయింది; పెద్ద ట్యాంకు ఒకపక్క ఖాళీ అవుతూనే ఇంకోపక్క కాగుతోంది. దేవుడా నీకు స్తోత్రం అనుకుంది. జపమాల మూడు చుట్లు తిప్పింది. ఆ తర్వాత ఎక్కడ ఆపిందో గుర్తులేదు. కిటికీలో వెలుగు పోయింది. అరచేతులు ముడతలుపడి తెల్లబడ్డాయి, భుజాలమీద చర్మం వండిన పీతలా ఎర్రబడింది. ఎలోయ్ తలుపు తట్టలేదు. తట్టాల్సిన అవసరం లేదుగా, నీళ్ళున్నాయి. కుర్చీలో కూర్చుని, భార్యకు సుఖంగా ఉందన్న ధీమాతో గురక పెడుతున్నాడు.

లేద్దామని చూసింది, మోకాళ్ళు లేవలేదు. నీళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఇన్నాళ్ళూ చన్నీళ్ళను తిట్టుకుంది కదా, ఆ చన్నీళ్ళే తనను రోజుకు పదిసార్లు మెడపట్టి బయటికి నెట్టేవని అప్పుడు తెలిసింది. ఇప్పుడు నెట్టేవాళ్ళు లేరు. ఈ గదికి తలుపు ఉంది, గడియ కూడా పెట్టలేదు, కానీ తను బయటికి పోలేకపోతోంది. గోడలు ఎవరు కట్టారో తెలియని గది ఇది. అందరూ మంచి మనసుతోనే తలా ఒక ఇటుక పెట్టారు.

పాకుతూ బయటికొచ్చింది. చాప మీద పడుకుని, ఎదురుగా కిటికీ గట్టు మీద ఉన్న పెన్నును చాలాసేపు చూసింది.

ఆ రాత్రి దాన్ని ముట్టలేదు. మర్నాడు ఆదివారం, ఎలోయ్ గుడికెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆమె పసుపురంగు చేదు తప్ప ఏమీ లేని కడుపును బకెట్టులోకి ఒంపి ఒంపి, ఇక తట్టుకోలేక పెన్ను అందుకుంది. ఇరవై నిమిషాల శాంతి వచ్చింది. చూశావా, ముసలాయన మాట తప్పు అనుకుంది. కానీ ఆ శాంతిలోనే, తల కాస్త నిలబడ్డాక, ఇంకో మాట తోచింది. భుజం నొప్పి రాకముందు, నలభై మూడేళ్ళలో తను ఎన్నిసార్లు కక్కింది? బిడ్డ కడుపులో ఉన్నప్పుడు రెండుసార్లు. అంతే.

*

సోమవారం ఆసుపత్రినుంచి నర్సు ఫోన్ చేసింది. గొంతు వింటే చిన్నపిల్లలా ఉంది. రేపటి ఆపరేషన్ ముందు కాగితం మీద ఉన్నవన్నీ మళ్ళీ ఒకసారి గబగబా చదివింది.

"పొగాకు?"

"లేదు."

"మద్యం?"

"లేదు."

"చట్టవిరుద్ధమైన మత్తుమందులు?"

"లేదు."

"సరేనమ్మా. పొద్దున ఏడింటికి. అర్ధరాత్రి తర్వాత ఏమీ తినొద్దు..."

తినొద్దట. ఎర్లిందాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఎలోయ్ ఎదురుగా నిలబడి ఆసుపత్రికి సంచి సర్దుతున్నాడు. ఆమె చెప్పులు, జపమాల, మందపాటి మేజోళ్ళు.

"ఆగమ్మా," అంది. "ఇంకొకటి అడుగు నన్ను."

"ఏమడగాలి?"

"చట్టబద్ధమైనవి అడుగు."

"గంజాయా అమ్మా?"

"రోజుకు ఆరేడుసార్లు. మొదట నిద్రకోసం, ఇప్పుడు వాంతులకోసం. నాలుగేళ్ళుగా."

టకటకలాడుతున్న కంప్యూటర్ మీటలు ఆగిపోయాయి. "వేడినీళ్ళ స్నానం చేస్తే మీకు హాయిగా ఉంటుందా?"

ఎర్లిందా మంచం అంచు పట్టుకుంది. "ఉంటుంది," అంది మెల్లగా.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి. డాక్టరుగారిని పిలుస్తాను. ఫోన్ పెట్టెయ్యకండి."

డాక్టరు రావడానికి పావుగంట పట్టింది. ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం సిగ్గు ఉంది. ఆపరేషన్ ఆపుతున్నామన్నాడు. పూర్తిగా మానెయ్యాలి, తగ్గించడం కాదు, మానెయ్యడమే. మొదటి రోజులు ఇప్పటికన్నా కష్టంగా ఉంటాయి. మరీ నీరసించిపోతే వచ్చి సెలైన్ పెట్టించుకోవాలి. నెమ్మదించడానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. పొట్టమీద రాసుకోవడానికి ఒక పూత రాశాడు, మిరపకాయ ఘాటుతో చేసింది. వేడినీళ్ళు చేసే పని కొంత అది చేస్తుందట.

"ఖాయంగా ఇదేనా డాక్టర్?"

"మానేసి చూడ్డమే దీనికి పరీక్ష. వేరే పరీక్ష లేదు."

ఆమె చెప్పిందంతా విని ఎలోయ్ సర్దిన సంచిలోంచి చెప్పులు తీసి మంచం పక్కన పెట్టాడు. "గరాజులో అరబస్తా మిరపకాయలున్నాయి," అన్నాడు. "మందుల షాపుకెందుకు?"

*

కోరీన్ ఆ సాయంత్రమే వచ్చింది. ఎలోయ్ నోట్లో మాట దాగదు.

"నేను నీకు విషమిచ్చానంటున్నావా కొమాద్రె?"

"నిద్రిచ్చావు. అప్పుడు అదే కావాలి నాకు."

"మా దుకాణానికి రోజూ రెండొందలమంది వస్తారు. రెండొందలమందీ కక్కుకుంటున్నారా?"

"లేదు. నా ఒంటికి పడలేదు, అంతే. కానీ కక్కేవాడొస్తే ఏం చెప్తారు మీరు?"

కోరీన్ చప్పున జవాబు చెప్పబోయి ఆగింది. ఆ చెప్పబోయిన మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇంకాస్త పెంచు. కోరీన్ చూపు స్నానాలగది వైపు మళ్ళింది.

"ఒకాయన వస్తాడు," అంది. "లారీ నడుపుతాడు. ప్రతివారం బలమైంది ఇంకోటుందా అంటాడు. మొన్న చూస్తే బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకున్నాడు." ముఖం చేతుల్లో పెట్టుకుంది. "నాకు వేరే పని లేదు కొమాద్రె. మిల్లులో తీసుకోరు, బడిలో తీసుకోరు."

"పని మానమని నేనన్నానా? ఆయన్ని ఎన్నిసార్లు స్నానం చేస్తావని అడుగు, చాలు."

రెండు పెన్నులూ, సగం డబ్బా బిళ్ళలూ ఎర్లిందా ఆమె సంచిలో వేసింది. కోరీన్ వెళ్ళేటప్పుడు కౌగిలించుకుంది గానీ, ఎప్పటిలా ముద్దు పెట్టలేదు.

రమీరో చేసినదానికి మేమంతా ఒక పేరు పెట్టాం, ఆ పేరు చెప్పుకుని ఏడ్చాం అనుకుంది ఎర్లిందా. తన దానికి ఏ పేరూ లేదు. పేరు లేని కష్టాన్ని దేవుడికి ఎలా విన్నవించుకోవాలి?

తర్వాతి రోజులు డాక్టరు చెప్పినట్టే గడిచాయి. నిద్ర లేదు. చెమటలు. రెండుసార్లు సెలైన్. నాలుగో రోజున కోరీన్‌కు ఫోన్ చేసి ఆ సంచి తెచ్చివ్వమని అడుక్కుంది. కోరీన్ రాలేదు, ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. స్నానాలు మాత్రం ఆగలేదు. ఎలోయ్ ట్యాంకు మీద వేడి తగ్గించి, ప్రతి ఇరవై నిమిషాలకూ తలుపు తట్టడం మొదలుపెట్టాడు. అతన్ని ఆమె నానా తిట్లూ తిట్టింది.

పూత రాసేది కూడా అతనే. ఊళ్ళో అందరిలాగే అతనికీ మిరపకాయలు కాల్చేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలని పుట్టినప్పటినుంచీ తెలుసు. గొట్టంలోంచి తెల్లగా వెన్నలా వచ్చేది కూడా మిరపకాయేనని మాత్రం తోచలేదు. ఉత్త చేత్తో ఆమె పొట్టంతా రాసి, ఆవులించి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఉక్కు కొలిమి ముందు ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషి వంటింటి సింకులో తల పెట్టి సకల సాధువులనూ పేరుపేరునా పిలిచాడు. పొట్ట మండుతుండగా ఎర్లిందా నవ్వింది. ఆ నవ్వుకు కడుపు తిరిగింది, కక్కింది, మళ్ళీ నవ్వింది.

*

పదమూడో రోజు ఆదివారం. పొద్దున ఒక్కసారే వాంతి అయింది. సగం టోర్టీయా రొట్టె ముక్క లోపల నిలిచింది. నిలిచిందో, సమయంకోసం కాచుకుందో తెలియదు.

గుడిలో తలుపు పక్క బల్ల మీద కూర్చుంది. పొట్టమీద పూత సూదుల్లా గుచ్చుతోంది. తెరిచిన తలుపులోంచి వీధిలో మిరపకాయలు కాలుస్తున్న పొగవాసన వస్తోంది. వికారం వస్తుందని ఎదురుచూసింది. గొంతుదాకా వచ్చి అక్కడే ఆగింది.

వరస కదిలింది. ఆమె లేచి నిలబడింది. ముందు విహీల్ నడుస్తున్నాడు, వంగిన మెడ, చేతిలో టోపీ. వెనక్కి తిరగలేదు. ఒక్కో అడుగూ వేస్తూ ఇవాళ చేతులు చాపుతాననుకుంది, మరుసటి అడుగులో వద్దనుకుంది. గురువు ముందుకు వచ్చేసరికి తెల్లటి రొట్టె ఆమె కళ్ళ ఎదుట ఉంది, చేతికందేంత దగ్గర.

చేతులు వాటంతటవే గుండెమీదికి పోయి అడ్డంగా పడ్డాయి. గురువు బొటనవేలితో ఆమె నుదుటిమీద శిలువ గుర్తు వేశాడు.

తిరిగి వస్తూ తలుపు పక్క బల్ల దగ్గర ఆగింది. అది ఖాళీగానే ఉంది, బయట మెట్లు కనిపిస్తున్నాయి. మధ్య వరసలో ఎలోయ్ ఒక కన్ను ఇంకా కాస్త ఎర్రగా ఉండగా ఆమెనే చూస్తున్నాడు. అతని పక్క చోటుకు పోవాలంటే ఆరుగురిని దాటాలి. వాంతొచ్చి బయటపడాలన్నా ఆ ఆరుగురినే దాటాలి.

"కాస్త మోకాళ్ళు జరుపుకోండమ్మా," అంటూ ఎర్లిందా లోపలికి నడిచింది.